బద్ర్ ఎవరి ఉప్పు తిన్న సైన్యం?

2011 డిసెంబర్‌లో ఇరాక్ ప్రధాని నూరీ అల్-మాలికీ వాషింగ్టన్ వెళ్లి అధ్యక్షుడు ఒబామాను కలిశారు. ఆయన వెంట వెళ్లిన బృందంలో రవాణా శాఖ మంత్రి హాదీ అల్-అమీరీ కూడా ఉన్నారు. ఎనిమిదేళ్లు తిరిగాయి. 2019 డిసెంబర్ 31న బాగ్దాద్‌లోని అమెరికా రాయబార కార్యాలయం మీదకి జనం దూసుకెళ్లి రిసెప్షన్ గదికి నిప్పు పెట్టిన రోజున, ఆ గోడల బయట కనిపించిన పెద్ద నాయకుల్లో అదే అమీరీ ఉన్నారు. ఈ మధ్యలో ఆయన జెండా మార్చలేదు. 1980ల నుంచీ ఆయనది ఒకటే జట్టు, బద్ర్.

మన పేపర్లలో, టీవీ స్క్రోలింగుల్లో బద్ర్ పేరు వచ్చినప్పుడల్లా పక్కన ఒకే విశేషణం ఉంటుంది: "ఇరాన్ మద్దతు ఉన్న షియా మిలీషియా", అంటే ప్రభుత్వ సైన్యం కాని సాయుధ దళం. అబద్ధమేం కాదు. కానీ ఆ ముక్క చదివినవాళ్లు ఏమనుకుంటారు? టెహ్రాన్‌లో ఎవరో తాడు లాగితే బాగ్దాద్‌లో ఆడే కీలుబొమ్మ అనుకుంటారు. నిజంగా అంతే అయితే సమస్య చాలా తేలిక, తాడు కోస్తే బొమ్మ పడిపోతుంది. కోద్దామని చూసినవాళ్లకి ఎదురైన చిక్కల్లా, ఆ తాడు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో దొరక్కపోవడమే. బద్ర్ కథ విప్పడానికి నాకు తోచిన దారి ఒకటుంది. సిద్ధాంతాలు కాసేపు పక్కన పెట్టి, ఏ కాలంలో వీళ్లకి జీతం ఎవరిచ్చారు అని అడుగుతూ పోవడం.

నజఫ్‌లో మొదలైన తగువు

తెలంగాణ పల్లెల్లో పీర్ల పండుగకి అలావా చుట్టూ తిరిగినవాళ్లకి హసన్, హుస్సేన్ పేర్లు కొత్త కాదు. ఇమాం హుస్సేన్ 680లో ప్రాణాలు విడిచిన కర్బలా, ఆయన తండ్రి అలీ సమాధి ఉన్న నజఫ్, రెండూ ఇరాక్‌లోనే ఉన్నాయి. షియాలకి అంత పవిత్రమైన ఆ దేశంలో జనాభాలో ఎక్కువమంది షియాలే. అయినా ఒట్టోమన్ల కాలం నుంచి 2003లో సద్దాం హుస్సేన్ పడిపోయేదాకా గద్దె మీద కూర్చున్నది మాత్రం ఎక్కువగా సున్నీ పెద్దలే.

నజఫ్‌లో శతాబ్దాల నాటి మత విద్యాపీఠం ఉంది. తర్వాత ఇరాన్ విప్లవానికి నాయకుడైన ఖొమైనీ, దేశం నుంచి బహిష్కరణకు గురై, 1965 నుంచి 1978 దాకా అక్కడే తలదాచుకున్నారు. 1970లో ఆయన తన శిష్యులకి కొన్ని ఉపన్యాసాలు ఇచ్చారు. వాటి సారాంశం, మత పండితుడే రాజ్యాన్ని కూడా నడపాలి అని. దీన్ని "విలాయత్ అల్-ఫకీహ్" అంటారు. నజఫ్ పెద్దల్లో చాలామందికి ఇది నచ్చలేదు. పండితుడి పని జనానికి దారి చూపించడం, కుర్చీ ఎక్కడం కాదు అన్నది వాళ్ల సంప్రదాయం. ఈ తగువు ఇప్పటికీ తీరలేదు. బద్ర్ కథలో ఇది మళ్లీ మళ్లీ అడ్డొస్తుంది కాబట్టి గుర్తు పెట్టుకోండి.

1979లో ఇరాన్‌లో విప్లవం గెలవగానే సద్దాంకి భయం పట్టుకుంది. ఇరాక్‌లో అప్పటికే దావా పార్టీ అని ఒక షియా రాజకీయ పార్టీ రహస్యంగా పనిచేస్తోంది. 1980 మార్చి 31న, ఆ పార్టీలో సభ్యత్వం ఉంటే చాలు ఉరి అని ఆదేశం వచ్చింది. మరుసటి నెల దానికి గురువు లాంటి అయతుల్లా ముహమ్మద్ బాకిర్ అల్-సదర్‌నీ, ఆయన చెల్లెలు ఆమినానీ చంపేశారు. అదే ఏడాది వేల కుటుంబాలని "మీ మూలాలు ఇరాన్‌వి" అంటూ పౌరసత్వం, ఆస్తులు లాక్కుని సరిహద్దు అవతలికి తోసేశారు. వాళ్లలో షియాలైన ఫైలీ కుర్దులు చాలామంది. తరాల తరబడి బాగ్దాద్ బజార్లలో వ్యాపారం చేసుకుంటున్న మనుషులు ఒక్క రాత్రిలో కట్టుబట్టలతో ఇరాన్ శిబిరాల్లో పడ్డారు. బద్ర్‌కి మొదటి మనుషులు దొరికింది ఇలాంటి శిబిరాల్లోనే.

1980 సెప్టెంబర్ 22న సద్దాం ఇరాన్ మీద యుద్ధం మొదలుపెట్టాడు. 1982 మధ్యకి ఇరాన్ తన భూమిని చాలావరకు వెనక్కి తీసుకుని, తనే ఇరాక్ లోపలికి రావడం మొదలుపెట్టింది. రేపు బాగ్దాద్ చేతికొస్తే అక్కడ కూర్చోబెట్టడానికి ఇరాకీలు కావాలి కదా. ఆ ఏడాది నవంబర్‌లో టెహ్రాన్‌లో "ఇరాక్ ఇస్లామిక్ విప్లవ సుప్రీం కౌన్సిల్" పుట్టింది. దాని ముఖంగా నిలిచింది ముహమ్మద్ బాకిర్ అల్-హకీం. నజఫ్‌లో అందరికన్నా పెద్ద పండితుడిగా వెలిగిన ముహ్సిన్ అల్-హకీం కొడుకు. అయితే కౌన్సిల్‌కి మొదటి అధ్యక్షుడు ఆయన కాదు, మహమూద్ హాషిమీ షహ్రూదీ. నజఫ్‌లో పుట్టిన ఈయనే తర్వాత ఇరాన్ న్యాయవ్యవస్థకి అధిపతి అయ్యారు. ఇరాక్‌ని ఏలడానికి పెట్టిన కౌన్సిల్ పెద్ద, చివరికి ఇరాన్ న్యాయస్థానాల పెద్దగా తేలారు. ఎవరు ఏ దేశం మనిషి అన్న ప్రశ్న ఇక్కడ అంత తేలిగ్గా తెగదని ఈ ఒక్క ముక్క చాలు చెప్పడానికి.

సొంత దేశం మీదే తుపాకీ

ఆ కౌన్సిల్‌కి సాయుధ విభాగంగా 1980ల మొదట్లోనే బద్ర్ తయారైంది. 624లో ప్రవక్త తన చిన్న సేనతో మూడింతల శత్రువుని ఓడించిన యుద్ధం పేరు అది. మొదట బ్రిగేడ్, తర్వాత డివిజన్, ఆ తర్వాత కోర్ అని పిలుచుకున్నారు. శిక్షణ, తుపాకులు, జీతాలు అన్నీ ఇరాన్ విప్లవాన్ని కాపాడే సైన్యమైన రివల్యూషనరీ గార్డ్స్‌వి. పైన ఉండి నడిపిన అధికారులు కూడా వాళ్లే. అంటే మన ప్రశ్నకి ఈ తొలి ఇరవై ఏళ్లలో జవాబు సూటిగా ఉంది. ఉప్పు ఇరాన్‌ది.

మనుషులు మూడు దారుల్లో వచ్చారు. ఉరి తప్పించుకుని పారిపోయిన దావా లాంటి పార్టీల కార్యకర్తలు కొందరు. ఇందాక చెప్పిన బహిష్కృత కుటుంబాల కుర్రాళ్లు కొందరు. మూడోవాళ్లు యుద్ధఖైదీలు. ఇరాన్‌కి పట్టుబడిన ఇరాక్ సైనికుల్లో, మనసు మార్చుకున్నాం అన్నవాళ్లని "తవ్వాబీన్", అంటే పశ్చాత్తాపపడినవాళ్లు అని పిలిచి బద్ర్‌లో చేర్చుకున్నారు. ఎవరు మనస్ఫూర్తిగా మారారో, ఎవరు శిబిరంలో ఆకలికీ దెబ్బలకీ తట్టుకోలేక మారారో తేల్చడం కష్టం. ఇరాక్ ఖైదీలని విచారించడానికి బద్ర్ మనుషులనే వాడారన్న ఆరోపణ మాత్రం ఆ శిబిరాల నుంచి బతికి బయటపడ్డవాళ్ల నోట ఇప్పటికీ వినిపిస్తుంది.

ఇక్కడ ఒక విషయం దగ్గర ఆగాలి, ఎందుకంటే బయటివాళ్లు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. ఇరాన్‌తో పోరాడిన ఇరాక్ సైన్యంలో సాధారణ జవాన్లు ఎక్కువమంది షియాలే. బస్రా, నాసిరియా, అమారా ఊళ్ల నుంచి బలవంతంగా తీసుకొచ్చిన పేద కుర్రాళ్లు. మతం ఒకటే కాబట్టి వీళ్లు ఇరాన్ వైపు దూకేస్తారని ఖొమైనీ ఆశపడ్డారు. అది జరగలేదు. ఎనిమిదేళ్లూ వాళ్లు తమ దేశం తరఫునే పోరాడారు, భారీ సంఖ్యలో చచ్చారు. ఎదుటి కందకంలో ఇరాన్ యూనిఫాం వేసుకున్న ఇరాకీ షియాలు, అంటే బద్ర్. అందుకే దక్షిణ ఇరాక్‌లో బద్ర్ మీద అనుమానం సున్నీలకి మాత్రమే ఉన్నదనుకుంటే పొరపాటు. కొడుకుని ఆ యుద్ధంలో పోగొట్టుకున్న షియా తల్లి కూడా వీళ్లని దేశద్రోహులనే అంది.

బద్ర్ వైపు నుంచి చూస్తే లెక్క వేరు. 1983లో సద్దాం హకీం కుటుంబంలో డజన్లకొద్దీ మగవాళ్లని, పిల్లలతో సహా, పట్టుకెళ్లి జైల్లో పెట్టి వాళ్లలో కొందరిని చంపించాడు. 1988లో బాకిర్ అల్-హకీం అన్న మహదీని సుడాన్ రాజధానిలోని ఒక హోటల్లో కాల్చేశారు. ఇంటి మీద పడ్డ దొంగని తరమడానికి పక్కింటివాడి కర్ర తెచ్చుకుంటే తప్పేంటి అన్నది వాళ్ల వాదన. ఆ వాదనలో బలం లేదని నేననను. కాకపోతే పక్కింటివాడు కర్ర ఊరికే ఇవ్వడు.

1988 ఆగస్టులో యుద్ధం ఆగింది, బద్ర్ ఇరాన్‌లోనే మిగిలిపోయింది. అసలు పరీక్ష 1991లో వచ్చింది. కువైట్‌లో సద్దాం ఓడిపోయాక, లేచి అతన్ని దించేయండని అమెరికా అధ్యక్షుడు బుష్ ఇరాకీలకి పిలుపునిచ్చారు. మార్చిలో దక్షిణాన ఊళ్లకి ఊళ్లు తిరగబడ్డాయి. బద్ర్ దళాలు సరిహద్దు దాటి వచ్చాయి. వాటితో పాటు ఖొమైనీ బొమ్మలు, హకీం బొమ్మలు కూడా వచ్చాయి. అప్పటిదాకా అది సద్దాం మీద జనం తిరుగుబాటు. ఆ బొమ్మలు కనపడగానే బాగ్దాద్‌కీ, రియాద్‌కీ, వాషింగ్టన్‌కీ అది ఇరాన్ కుట్రలా అనిపించింది. హెలికాప్టర్లు ఎగరేసుకోవడానికి అమెరికన్లు సద్దాంకి అనుమతి ఇచ్చేశారు. వాటితోనే తిరుగుబాటుని అణిచేశారు, పదుల వేల మంది చనిపోయారు. ఇరాన్ కూడా బద్ర్‌ని పూర్తిగా దింపలేదు, అమెరికాతో యుద్ధం దానికి ఇష్టం లేదు. తిరగబడ్డ జనానికి అటు అమెరికా దక్కలేదు, ఇటు ఇరాన్ దక్కలేదు. ఆ తర్వాతి పన్నెండేళ్లు బద్ర్ చేసిందల్లా సరిహద్దు చిత్తడి నేలల గుండా చొరబడి చిన్న చిన్న దాడులు చేసి వెనక్కి వెళ్లిపోవడం. సద్దాం ఆ చిత్తడి నేలలనే ఎండబెట్టించేశాడు.

అమెరికా వెనకాల ఇంటికి

ఇప్పుడు కథలో తమాషా మలుపు. 2002 ఆగస్టులో బాకిర్ అల్-హకీం తమ్ముడు అబ్దుల్ అజీజ్, టెహ్రాన్‌లో ఉండే మనిషి, వాషింగ్టన్ వెళ్లి బుష్ ప్రభుత్వ పెద్దలతో మాట్లాడి వచ్చారు. అప్పటి బుష్ అంటే 1991 నాటి బుష్ కొడుకు. అంతకుముందే 1990ల చివర్లో సద్దాం వ్యతిరేకుల కోసం అమెరికా కేటాయించిన డబ్బు జాబితాలో సుప్రీం కౌన్సిల్ పేరు కూడా ఉంది. డబ్బు మాకొద్దు అన్నారు గానీ మాటలు మాత్రం ఆపలేదు. ఇరాన్ దీన్ని అడ్డుకోలేదు. అమెరికా తన ఖర్చుతో సద్దాంని దించి, టెహ్రాన్‌లో పెరిగిన మనుషులకి బాగ్దాద్ తలుపు తెరుస్తానంటే కాదనడానికి ఇరాన్‌కేం పట్టింది?

2003 ఏప్రిల్ 9న బాగ్దాద్ పడింది. అప్పటికి బద్ర్ బలం పదివేలకి పైనే అని అంచనా. దళాలు తూర్పు సరిహద్దు దాటి దియాలా, వాసిత్ ప్రాంతాల్లోకి ప్రవహించాయి. మే నెలలో బాకిర్ అల్-హకీం రెండు దశాబ్దాల ప్రవాసం ముగించుకుని బస్రా మీదుగా నజఫ్ చేరారు. దారి పొడవునా జనం. నాలుగు నెలలు తిరక్కుండానే, ఆగస్టు 29న, అలీ సమాధి దగ్గర శుక్రవారం ప్రార్థన ముగించి బయటకి వస్తుండగా కారు బాంబు పేలి ఆయనతో పాటు 80 మందికి పైగా చనిపోయారు. తమ్ముడు అబ్దుల్ అజీజ్ పగ్గాలు పట్టుకున్నారు.

అదే ఏడాది బద్ర్ కోర్ తన పేరు మార్చుకుంది. కొత్త పేరు "పునర్నిర్మాణ, అభివృద్ధి బద్ర్ సంస్థ". ఏదో స్వచ్ఛంద సంస్థ పేరులా ఉంది కదూ. నవ్వకండి, ఆ పేరు మార్పు వెనక చాలా ముందుచూపు ఉంది. మిలీషియాలు రద్దు కావాలి అని అమెరికన్ పాలనాధికారి పాల్ బ్రెమర్ పట్టుబడుతున్న రోజులవి. 2004 జూన్‌లో ఆయన 91వ నంబరు ఆదేశం జారీ చేశారు. తొమ్మిది సాయుధ సంస్థలు, మొత్తం దాదాపు లక్ష మంది, తుపాకులు వదిలేసి సైన్యంలోనో పోలీసుల్లోనో చేరాలి, లేదా మాజీ సైనికులుగా పెన్షన్ తీసుకుని ఇంటికెళ్లాలి. ఆ తొమ్మిదిలో బద్ర్ ఒకటి. కాగితం మీద ఇది మిలీషియాల అంతం. నేల మీద జరిగింది తలకిందులు. బద్ర్ మనుషులు ప్రభుత్వంలో కరిగిపోలేదు, ప్రభుత్వమే బద్ర్ చుట్టూ గడ్డ కట్టింది. ఇలా చేరినవాళ్లకి ఇరాకీలు ఒక పేరు పెట్టారు, "దమ్జ్ ఆఫీసర్లు". దమ్జ్ అంటే కలిపేయడం. మిలటరీ అకాడమీ గుమ్మం తొక్కకుండా మేజర్, కల్నల్ అయిపోయినవాళ్లని సైన్యంలో పాతకాపులు వెటకారంగా అనే మాట అది.

జీతం ప్రశ్నకి జవాబు ఇక్కడే మారింది. 2004 తర్వాత బద్ర్ మనిషి మొదటి తారీఖున అందుకున్నది బాగ్దాద్ ఖజానా డబ్బు.

హోం శాఖ రోజులు

2005 జనవరి ఎన్నికల్లో షియా పార్టీల కూటమి గెలిచింది. ఆ కొత్త ప్రభుత్వంలో సుప్రీం కౌన్సిల్ అడిగి మరీ తీసుకున్న శాఖ ఆంతరంగిక వ్యవహారాలు, మన లెక్కలో హోం శాఖ. విదేశాంగం లాంటి ఠీవి ఉన్న శాఖలు వదులుకుని ఇదే ఎందుకు? పోలీసులు, కమాండోలు, జైళ్లు, నిఘా అన్నీ అందులోనే ఉన్నాయి కాబట్టి. సద్దాం కాలంలో ఆ శాఖ గదుల్లో చిత్రహింసలు పడ్డవాళ్లకి ఆ తాళాలు ఎంత విలువైనవో ఇంకొకరు చెప్పక్కర్లేదు. మంత్రి అయింది కౌన్సిల్ మనిషి బయాన్ జబ్ర్.

ప్రత్యేక పోలీసు కమాండో దళాలు జబ్ర్ రాకముందే, 2004లోనే, అమెరికన్ల సాయంతో తయారయ్యాయి. "తోడేలు బ్రిగేడ్" వాటిలో పేరుమోసినది. బద్ర్ వాటిని పుట్టించలేదు, వాటిలోకి తన మనుషులని నింపింది. బాగ్దాద్ సున్నీ పేటల్లో అర్ధరాత్రి ప్రభుత్వ బండ్లలో, ప్రభుత్వ యూనిఫాంలో వచ్చి మగవాళ్లని ఎత్తుకెళ్లేవాళ్లు. తెల్లారి చెత్తకుప్పల దగ్గర శవాలు దొరికేవి. ఎత్తుకెళ్లింది పోలీసులా, పోలీసు వేషంలో ఉన్న మిలీషియానా అని ఇంటివాళ్లు అడిగితే జవాబు ఉండేది కాదు. రెండూ ఒకటే అయినప్పుడు జవాబు ఎలా ఉంటుంది? ఇరాన్‌తో యుద్ధంలో బాంబులు వేసిన మాజీ పైలట్లు కూడా ఆ ఏళ్లలో ఒక్కొక్కరే హత్యకి గురయ్యారు. వేళ్లు బద్ర్ వైపే చూపించాయి. బద్ర్ మాకు సంబంధం లేదంది.

2005 నవంబర్‌లో అమెరికన్ సైనికులు బాగ్దాద్‌లోని జాదిరియా పేటలో హోం శాఖ భవనం ఒకటి సోదా చేశారు. కింద బంకర్‌లో 160 మందికి పైగా ఖైదీలు దొరికారు. దాదాపు అందరూ సున్నీలు, చాలామంది ఆకలితో ఎముకల గూళ్లలా ఉన్నారు, ఒంటి మీద హింసించిన గుర్తులు. మంత్రి ఇదంతా గోరంతలు కొండంతలు చేసి చెబుతున్నారన్నారు. మరి ఆయనకి ఏమైంది? 2006లో ఏర్పడ్డ ప్రభుత్వంలో ఆయన ఆర్థిక మంత్రి. అంటే తుపాకుల శాఖ నుంచి డబ్బుల శాఖకి బదిలీ.

జాదిరియా బయటపడిన మూడు నెలలకే, 2006 ఫిబ్రవరి 22న, సమర్రాలో షియాల బంగారు గుమ్మటం మసీదుని అల్-ఖైదా పేల్చేసింది. ఆ తర్వాతి రెండేళ్ల మతకల్లోలంలో బద్ర్ ఒక్కటే దోషి అనడం అన్యాయం. సున్నీ ఆత్మాహుతి దళాలు అప్పటికే మూడేళ్లుగా షియా బజార్లలో, దర్గాల దగ్గర జనాన్ని చంపుతున్నాయి. షియా మతనాయకుడు ముక్తదా అల్-సదర్ నడిపే మహదీ సైన్యం కూడా తక్కువేం తినలేదు. కాకపోతే మిగతావాళ్లు చట్టం బయట ఉండి చంపారు. బద్ర్ దగ్గర చట్టం తాళాలే ఉన్నాయి.

షియాలందరూ ఒకటే అనుకునేవాళ్ల కోసం ఇంకో ముక్క. పేదపేటల కుర్రాళ్లతో నిండిన మహదీ సైన్యానికీ బద్ర్‌కీ పచ్చగడ్డి వేస్తే భగ్గుమనేది. మేం సద్దాం కింద ఇక్కడే చచ్చాం, మీరు టెహ్రాన్‌లో కూర్చుని ఇప్పుడొచ్చారా అన్నది వాళ్ల ఎత్తిపొడుపు. 2007 ఆగస్టులో కర్బలాలో, లక్షలమంది యాత్రికులున్న పండగ రోజున, రెండు పక్షాలూ కాల్చుకున్నాయి. 2008 మార్చిలో మాలికీ బస్రాలో మహదీ సైన్యం మీదకి ప్రభుత్వ బలగాలని పంపారు. పోరు ముదిరాక సంధి ఎక్కడ కుదిరింది? ఇరాన్‌లోని కోమ్ నగరంలో. బాగ్దాద్ నుంచి వెళ్లిన రాయబారుల్లో అమీరీ ఒకరు, మధ్యవర్తి ఖాసిం సులేమానీ, రివల్యూషనరీ గార్డ్స్‌లో విదేశాల పని చూసే కుద్స్ దళానికి అధిపతి. ఇరాన్ పలుకుబడి ఎలా పనిచేస్తుందో నాకు ఈ ఘటనలో కనిపించినంత బాగా ఇంకెక్కడా కనిపించదు. ఒకరి పక్షం పట్టి గెలిపించడం దాని పద్ధతి కాదు. కొట్టుకునే ఇద్దరికీ కావలసినవాడిగా ఉండటం దాని పద్ధతి.

2009లో అబ్దుల్ అజీజ్ అల్-హకీం జబ్బుతో చనిపోయారు. కుర్రవాడైన కొడుకు అమ్మార్ చేతికి కౌన్సిల్ వచ్చింది. ముప్పై ఏళ్లు కందకాల్లో గడిపిన అమీరీకి ఆ నాయకత్వం కింద ఇమడటం కష్టమైంది. 2012లో బద్ర్ విడిపోయి సొంత పార్టీ అయింది. ఆ రోజుల్లో అమీరీ రవాణా మంత్రి అని ముందే చెప్పాను. ఇరాక్ గగనతలం మీదుగా ఇరాన్ విమానాలు సిరియాకి ఆయుధాలు మోస్తున్నాయని అమెరికా మొత్తుకుంటూ ఉండేది. జనానికి గుర్తున్న రవాణా కథ మాత్రం వేరే. 2014 మార్చిలో బీరుట్ నుంచి బాగ్దాద్ బయల్దేరిన విమానం గాల్లోంచి వెనక్కి తిరిగింది. మంత్రిగారి అబ్బాయి ఎక్కలేకపోయాడు, అతను లేకుండా ఇక్కడ దిగడానికి వీల్లేదని బాగ్దాద్ నుంచి కబురొచ్చిందని విమాన సంస్థ చెప్పింది. మంత్రి కార్యాలయం కాదంది. విప్లవకారులు అధికారంలోకి వచ్చాక ఏమవుతారో మనకి కొత్తగా చెప్పేదేముంది.

ఫత్వా ఇచ్చింది ఎవరు, వాడుకున్నది ఎవరు

2014 జూన్ 10న మోసుల్ నగరం ఇస్లామిక్ స్టేట్ చేతికి పోయింది. అమెరికా తీర్చిదిద్దిన ఇరాక్ సైన్యం యూనిఫాంలు విప్పేసి పారిపోయింది. రెండు రోజులకి తిక్రీత్ దగ్గర స్పైకర్ శిబిరంలో వందలమంది షియా క్యాడెట్లని ఏరి మరీ చంపారు. జూన్ 13 శుక్రవారం కర్బలాలో, నజఫ్ పెద్ద పండితుడు గ్రాండ్ అయతుల్లా అలీ అల్-సిస్తానీ ప్రతినిధి ఆయన ఫత్వా, అంటే మత ఆదేశం, చదివి వినిపించారు. ఆయుధం పట్టగలిగినవాళ్లు దేశాన్ని, పవిత్ర స్థలాలని కాపాడటానికి ముందుకు రావాలని.

ఆ ఫత్వా పిలిచింది ప్రభుత్వ భద్రతా దళాల్లో చేరమని. మిలీషియాల పేరు అందులో లేదు. కానీ పరుగెత్తుకొచ్చిన వేలమంది కుర్రాళ్లని చేర్చుకునే స్థితిలో సైన్యం ఎక్కడుంది? చేర్చుకోగలిగింది, తుపాకీ ఇచ్చి వారంలో ముందుకి పంపగలిగింది బద్ర్ లాంటివాళ్లే. అలా "హష్ద్ అల్-షాబీ", అంటే జన సమీకరణ దళాలు, రూపు కట్టాయి. నజఫ్ పాత తగువు మళ్లీ ఇక్కడ తలెత్తుతుంది. సిస్తానీ పుట్టింది ఇరాన్‌లోని మష్హద్‌లో, అయినా మతపెద్ద రాజ్యమేలకూడదనే నజఫ్ సంప్రదాయానికి ఆయనే పెద్ద దిక్కు, ఇరాక్ ప్రభుత్వమే బలపడాలని కోరుకునే మనిషి. అమీరీ పుట్టింది ఇరాక్‌లోని దియాలాలో, అయినా ఇరాన్ సుప్రీం లీడర్‌ని తన నాయకుడిగా బాహాటంగా ఒప్పుకునే మనిషి. పాస్‌పోర్ట్ చూసి విధేయత చెప్పేయొచ్చనుకునేవాళ్లు ఈ ఇద్దరినీ పక్కపక్కన పెట్టి చూడాలి.

ఆ యుద్ధంలో బద్ర్ గెలుపులు నిజమైనవి. అమెర్లీ అనే షియా తుర్కమెన్ పట్టణం రెండు నెలలకి పైగా ముట్టడిలో ఆకలితో మాడింది. ఆగస్టు 31న ఆ ముట్టడి బద్దలైంది. నేల మీద బద్ర్, మిగతా మిలీషియాలు, కుర్దు దళాలు. ఆకాశంలో అమెరికన్ బాంబర్లు. ఎవరూ ఎవరితోనూ మాట్లాడుకోనట్టు నటించారు. దియాలా భద్రత మొత్తం అమీరీ చేతిలోనే ఉండేది. అమెర్లీ చుట్టుపక్కల సున్నీ ఊళ్లు తర్వాత తగలబడటం గురించి, 2015 జనవరిలో దియాలాలోని బర్వానా ఊళ్లో డెబ్బై మంది దాకా గ్రామస్థులని చంపడం గురించి మానవ హక్కుల సంస్థలు మిలీషియాలనే తప్పుపట్టాయి. గెలుపు ఎంత నిజమో ఇవీ అంతే నిజం. ఒకటి చెప్పి రెండోది మింగేసేవాళ్లు ఇరువైపులా ఉన్నారు.

2016 నవంబర్‌లో పార్లమెంటు చట్టం చేసి హష్ద్‌ని దేశ సాయుధ బలగాల్లో భాగం చేసింది. అందులో పదికి పైగా బ్రిగేడ్లు బద్ర్‌వే. ఈలోగా హోం శాఖ కూడా మళ్లీ బద్ర్ ఇంటికే వచ్చింది. 2014లో ముహమ్మద్ అల్-గబ్బాన్, 2017లో ఖాసిం అల్-అరాజీ, ఇద్దరూ బద్ర్ మనుషులే.

ఇక్కడ బద్ర్‌కీ, దానికి తోబుట్టువు లాంటి ఇంకో ఇరాక్ షియా మిలీషియా కతాయిబ్ హెజ్బొల్లాకీ తేడా చెప్పుకోవాలి. కతాయిబ్‌ని నిలబెట్టిన అబూ మహదీ అల్-ముహందిస్ కూడా ఒకప్పటి బద్ర్ కమాండరే. 1983లో కువైట్‌లో జరిగిన బాంబు దాడుల కేసులో అక్కడి కోర్టు ఆయనకి మరణశిక్ష వేసింది, మనిషి దొరకలేదు. 2003 తర్వాత కతాయిబ్ ఎంచుకున్న దారి రహస్య దళం, అమెరికన్ల మీద రాకెట్లు. బద్ర్ ఎంచుకున్నది ఫైళ్లు, పోస్టింగులు, ఎన్నికలు. అమెరికా 2009లో కతాయిబ్‌ని ఉగ్రవాద సంస్థల జాబితాలో చేర్చింది. బద్ర్‌ని చేర్చలేదు. ఎలా చేరుస్తుంది? చేర్చిన మర్నాటి నుంచి ఇరాక్ పోలీసులతో మాట్లాడటమే నేరమవుతుంది.

ఓటమి తర్వాత కూడా

2018 మే ఎన్నికల్లో అమీరీ నడిపిన ఫతహ్ కూటమి 48 సీట్లతో రెండో స్థానంలో నిలిచింది. ఇస్లామిక్ స్టేట్‌ని ఓడించిన వీరులన్న పేరు అప్పటికి తాజాగా ఉంది. ఏడాదిన్నర తిరిగేసరికి ఆ పేరు చెడింది. 2019 అక్టోబర్‌లో ఉద్యోగాలు లేవు, కరెంటు లేదు, అవినీతి అంటూ కుర్రాళ్లు రోడ్ల మీదకొచ్చారు. వాళ్లు సున్నీలు కారు. బస్రా, నాసిరియా, కర్బలా షియా కుర్రాళ్లు. "ఇరాన్ బర్రా బర్రా", అంటే ఇరాన్ బయటకి పో అన్నది వాళ్ల నినాదం. దక్షిణాన పార్టీల ఆఫీసులు తగలబెట్టారు, బద్ర్‌వి కూడా. నజఫ్‌లో ఇరాన్ కాన్సులేట్ కాలిపోయింది. కాల్పుల్లో సుమారు ఆరు వందల మంది చనిపోయారు. కందకాల్లో బద్ర్‌ని ద్రోహులన్న తరం మనవలే వీళ్లు.

ఆ గొడవ ఆరకముందే 2020 జనవరి 3న బాగ్దాద్ విమానాశ్రయం దగ్గర అమెరికన్ డ్రోన్ సులేమానీనీ, ముహందిస్‌నీ ఒకే దాడిలో చంపింది. తాడు కోసేశాం అనుకున్నారు చాలామంది. కొంత నిజమే, సులేమానీలా అందరినీ ఒకచోట కూర్చోబెట్టి తిట్టగలిగే మనిషి ఆ తర్వాత దొరకలేదు. 2021 ఎన్నికల్లో ఫతహ్ 48 నుంచి 17కి పడిపోయింది. అమీరీ కోర్టుకెళ్లారు, కోర్టు కొట్టేసింది. ఇక పని అయిపోయిందన్నారు. కానీ ఎన్నికల్లో గెలిచిన ముక్తదా అల్-సదర్ ప్రభుత్వం కట్టలేక, 2022 జూన్‌లో కోపంతో తన 73 మంది ఎంపీలతో రాజీనామా చేయించారు. ఆ ఖాళీలు రెండో స్థానంలో ఉన్నవాళ్లకి దక్కాయి. ఆ అక్టోబర్‌లో మహమ్మద్ షియా అల్-సుడానీ ప్రధాని అయ్యారు, ఓడిపోయిన అమీరీ కూటమి మద్దతుతో. ఓట్లు తగ్గితే తగ్గనీ, పదవుల్లో ఎక్కడెక్కడ ఎవరున్నారో తెలిసినవాడికి ఓపిక ఒక్కటే కావాలి.

2023లో ఇరాక్ పార్లమెంటు మూడేళ్లకి కలిపి ఒకే బడ్జెట్ పాస్ చేసింది. అందులో హష్ద్ జీతాల పట్టీలో దాదాపు 2 లక్షల 38 వేల పేర్లున్నాయి, రెండేళ్ల కిందటి సంఖ్యకి ఇంచుమించు రెట్టింపు. 2025లో హష్ద్‌కి ఇంకా గట్టి హోదా ఇచ్చే బిల్లు వచ్చింది, అమెరికా ఒత్తిడి మధ్య దాన్ని వెనక్కి తీసుకున్నారు. జీతాలు మాత్రం ఆగలేదు.

ఆ జీతం ఎలా వస్తుందో ఒక్కసారి వెనక్కి నడిచి చూడండి. దియాలాలో చెక్‌పోస్టు దగ్గర నిలబడ్డ బద్ర్ కుర్రాడికి డబ్బిచ్చేది బాగ్దాద్ ఖజానా. ఆ ఖజానా నిండేది దాదాపు పూర్తిగా బస్రా చమురు అమ్మకాలతో. చమురు కొన్నవాళ్లు కట్టే డాలర్లు, 2003 నుంచి ఇప్పటిదాకా, ముందు పడేది ఇరాక్ పేరున ఉన్న ఒక ఖాతాలో. ఆ ఖాతా ఉన్నది న్యూయార్క్‌లోని అమెరికా ఫెడరల్ రిజర్వ్ బ్యాంకులో.